పాత టీం ఫోటోలోంచి మన వాళ్ళ చరిత్ర రాయడం ఎలా

మా ఇంట్లో ఒక ఫోటో ఉండేది, ఒక రైల్వే కాలనీ హాకీ జట్టుది. ముందు వరసలో కుర్చీల్లో ఐదుగురు, వెనక నిలబడి ఆరుగురు, నేల మీద కప్పు, దానికి రెండు పక్కలా హాకీ కర్రలు. వెనక వరస చివర్న, ఆ ఆరుగురికీ ఒక జానెడు ఎడంగా, మామూలు చొక్కాతో మా తాతయ్య. ఆయన ఆ టీంలో ఆడాడనే మేమంతా అనుకున్నాం, బంధువులకి కూడా అలాగే చెప్పుకున్నాం. ఆయన పోయిన చాలా ఏళ్ళకి, ఆ కాలనీలోనే పెరిగిన ఒక పెద్దాయన ఆ ఫోటో చూసి, "మీ తాత టీంలో లేడు బాబూ. గ్రౌండుకి సున్నం గీతలు వేసేవాడు. ఎవరైనా రాకపోతే దింపేవాళ్ళు. బాగా ఆడేవాడు కూడా" అన్నారు. ఆ చివరి ముక్క నన్ను వదల్లేదు. బాగా ఆడేవాడైతే మరి టీంలో ఎందుకు లేడు?

ఆ ప్రశ్న పట్టుకుని తిరగడం మొదలుపెట్టాక తెలిసింది, ఆటల చరిత్రని మనం రాసుకునే పద్ధతిలోనే లోపం ఉందని. కులానిదో, మతానిదో, పేటదో, విదేశంలో స్థిరపడిన తెలుగు సంఘానిదో ఆటల చరిత్ర రాయమంటే అందరం చేసేది ఒకటే: ఏ ఏడు ఏ కప్పు గెలిచాం, ఎవరు కెప్టెన్, ఎవరు పెద్ద టీంకి ఎంపికయ్యారు. సావనీర్లలో పేజీలకి పేజీలు ఇవే. అవి అక్కర్లేదని అనను. కానీ ఒక సమూహం తనని తాను "మనం" అని అనుకోవడం ఎప్పుడు మొదలుపెట్టింది, ఆ "మనం"లోకి ఎవర్ని రానిచ్చింది, ఎవర్ని గుమ్మం బయటే ఉంచింది అన్నవి కప్పుల జాబితాలో దొరకవు. దొరికే చోట్లు వేరే ఉన్నాయి. వాటిని ఎలా వెతకాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు ఒక పాత కథని గట్టిగా చదవండి

సొంత ఊరి సంగతి ఎత్తుకునే ముందు, ఇప్పటికే బాగా వెలికి తీసిన కథ ఒకటి వివరంగా తెలుసుకోండి. ఏం అడగాలో దానివల్ల తెలుస్తుంది. నేనైతే బొంబాయి క్రికెట్ కథతో మొదలుపెట్టమంటాను.

మన దేశంలో క్రికెట్‌ని మొదట పట్టుకున్నది పార్సీలు. 1848లోనే ఓరియంటల్ క్లబ్ పెట్టుకున్నారు, 1886లో, మళ్ళీ 1888లో ఇంగ్లండ్ వెళ్ళి ఆడి వచ్చారు. 1892 నుంచి యూరోపియన్లకీ పార్సీలకీ మధ్య పెద్ద మ్యాచ్ నడిచింది. 1907లో హిందువుల జట్టు వచ్చి కలిసింది, 1912లో ముస్లింల జట్టు. 1937లో ఐదో జట్టు వచ్చింది, క్రైస్తవులు, ఆంగ్లో ఇండియన్లు, యూదులు మొదలైనవాళ్ళందరినీ కలిపి. దాని పేరు ది రెస్ట్. అంటే "మిగిలినవాళ్ళు". ఈ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. వీళ్ళెవరూ తమని తాము అలా పిలుచుకున్నవాళ్ళు కాదు, టోర్నమెంటులో చోటు కావాలంటే ఆ గంపలోకి దిగాల్సి వచ్చింది. దిగాక ఆ పేరుకి కూడా ఒక పౌరుషం పుట్టింది. 1943 ఫైనల్లో హిందువుల మీద రెండో ఇన్నింగ్స్‌లో ఆ జట్టు మొత్తం చేసినవి 387 పరుగులైతే, అందులో 309 విజయ్ హజారేవి. ఆయన క్రైస్తవుడు. ఆయన తమ్ముడు వివేక్ ఒకవైపు 21 పరుగులతో కాచుకుని నిలబడితే, ఇద్దరూ కలిసి 300 పరుగులు జోడించారు.

ఇప్పుడు పల్వంకర్ బాలూ దగ్గరికి రండి. ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన మనిషి ఆయనే. చమార్ కులంలో పుట్టాడు. పూనాలో ఇంగ్లిషు దొరల క్లబ్బులో పిచ్ చదును చేయడం, రోలర్ లాగడం, నెట్లు కట్టడం ఆయన పని. దొరలకి ప్రాక్టీసు కావాలంటే బంతులు వేసేవాడు, రోజుల తరబడి, గంటల తరబడి, బ్యాటింగ్ మాత్రం ఇచ్చేవాళ్ళు కాదు. ఎడమచేతి స్పిన్ అలా పదునెక్కింది. పూనాలోని హిందువుల జట్టుకి ఆ దొరల్ని ఓడించాలంటే ఈయన కావాలి. తీసుకోవాలా వద్దా అని క్లబ్బులో పెద్ద తగువు. తీసుకుందామన్నవాళ్ళలో ఆ క్లబ్బులోని తెలుగువాళ్ళు ఉన్నారు, వద్దన్నది అక్కడి మరాఠీ బ్రాహ్మణ ఆటగాళ్ళు. పూనా మైదానంలో ఎప్పుడో వందేళ్ళ కిందట మన భాషవాళ్ళు కొందరు అటువైపు నిలబడ్డారని చదివినప్పుడు నాకు చాలా సంతోషమైంది, దాచుకోను. చివరికి తీసుకున్నారు. బంతి వేసేటప్పుడు ఆయనా వాళ్ళూ ఒకే పిచ్ మీద. టీ విరామంలో మాత్రం పెవిలియన్ బయట, మట్టి ముంతలో ఆయన టీ ఆయనకి. భోజనం వేరే చోట, వేరే పళ్ళెంలో.

1906లో, ఇంకా ఆ టోర్నమెంటులో చేరకముందే, బొంబాయిలో హిందువులు యూరోపియన్లని 109 పరుగుల తేడాతో ఓడించినప్పుడు దేశమంతా పొంగిపోయింది, అందులో బాలూ వికెట్లు 8. 1911లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టు మొత్తంగా ఓడిపోయింది, ఆయన ఒక్కడే 114 వికెట్లు తీశాడు. అంత చేసినా కెప్టెన్సీ దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ ఇంకొకరి పేరు. 1920లో ఆయన్ని జట్టులోంచే తప్పిస్తే, ఆయన తమ్ముళ్ళు శివరాం, విఠల్ మేము ఆడమని పక్కకి జరిగారు. 1923లో విఠల్‌ని కెప్టెన్ చేశారు, ఆ ఏడు హిందువులే గెలిచారు. ఇంకో మెలిక కూడా ఉంది. 1937 ఎన్నికల్లో బొంబాయిలో అంబేడ్కర్ మీద కాంగ్రెస్ నిలబెట్టింది ఈ బాలూనే, బాలూ ఓడిపోయాడు.

ఈ కథని స్కోరు కార్డుల్లోంచి మాత్రమే రాస్తే బాలూ "హిందూ జట్టు బౌలర్" అని ఒక్క ముక్కలో అయిపోతాడు. టీ ఎక్కడ తాగాడు అని అడిగితే తప్ప మిగతాది బయటికి రాదు. బంతి పట్టుకున్నప్పుడు హిందువు, ముంత పట్టుకున్నప్పుడు కాదు. మీరు రాయబోయే ప్రతి ఆటకీ ఈ ప్రశ్న వేయండి: విరామంలో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, మంచినీళ్ళు ఎవరు తెచ్చారు, ఏ గ్లాసులో, గెలిచిన రాత్రి విందుకి ఎవర్ని పిలవలేదు. పెద్దవాళ్ళకి స్కోర్లు గుర్తుండవు, ఇవి గుర్తుంటాయి.

అదే బొంబాయి మైదానంలో మన సి.కె. నాయుడు సంగతి కూడా చూడండి. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం. 1916లో హిందువుల జట్టులోకి వచ్చాడు. 1926లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. మీద హిందువుల తరఫున 153 కొట్టాడు, 11 సిక్సర్లతో. 1932లో లార్డ్స్‌లో భారత జట్టు మొదటి టెస్టుకి కెప్టెన్. మనకి ఆయన తెలుగువాడు, ఆ స్కోరు కార్డు మీద హిందువు, లార్డ్స్‌లో భారతీయుడు. ఇందులో ఏది "అసలు"ది అని తేల్చే పని పెట్టుకోకండి. ఏ మ్యాచ్‌లో ఏ పేరు అక్కరకొచ్చింది, ఆ పేరు పెట్టింది ఎవరు, అంతవరకే రాయండి, అది చాలు.

గ్రౌండు ఎవరిదో కనుక్కోండి

ఆట గురించి అడిగేముందు నేల గురించి అడగండి. బొంబాయిలో 19వ శతాబ్దం చివర్లో పార్సీ కుర్రాళ్ళు క్రికెట్ ఆడే మైదానంలోకి దొరలు పోలో గుర్రాలు తెచ్చి తొక్కించేవాళ్ళు, గిట్టల గుంటల్లో బంతి ఎటు పోతుందో తెలిసేది కాదు. అర్జీల మీద అర్జీలు పెట్టారు. ఆ తర్వాత సముద్రపు ఒడ్డున ఒకదాని పక్కన ఒకటి పార్సీ జింఖానా, ఇస్లాం జింఖానా, హిందూ జింఖానా వచ్చాయి. అంటే ప్రభుత్వం స్థలం ఇచ్చేటప్పుడే మతం పేరున ఇచ్చింది. తర్వాత తరాల కుర్రాడికి ఆట నేర్చుకోవాలంటే ముందు తన మతం జింఖానా ఏదో తెలియాలి. గీతలు అప్పటికే ఉన్నాయి, నిజమే, కానీ వాటి మీద గోడలు కట్టింది ఆ స్థలాల కేటాయింపు.

కాబట్టి మీ ఊళ్ళో ఆ గ్రౌండు మిలిటరీదా, రైల్వేదా, మిషన్ స్కూలుదా, గుడి మాన్యమా, చెరువు ఎండితే ఆడుకునే జాగానా, లేక ఎవరో ఆసామి పొలం కోతలయ్యాక ఇచ్చిందా, కనుక్కోండి. సికింద్రాబాద్‌లో కంటోన్మెంటు ఉండబట్టే అక్కడి పిల్లల కాళ్ళకి ఫుట్‌బాల్ అంటుకుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళిన జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం అక్కడి అమ్ముగూడ కుర్రాడు, తమిళ కుటుంబం. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ, బడిపంతులుగా పనిచేసినవాడు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఉర్దూ, తెలుగు, తమిళం కలిసి మాట్లాడే పేటల్లోంచి వచ్చిన ఆట అది. బొంబాయిలోలా మతానికో జింఖానా ఇక్కడ ఆటకి చిరునామా కాలేదు, పోలీసు ఉద్యోగం అయింది. జీతం ఇచ్చిన ఆఫీసు పేరే జట్టు పేరు. ఇదీ రాసుకోండి: మీ వాళ్ళ జట్టుకి డబ్బు ఎవరిచ్చారు? సంఘం చందానా, ఉద్యోగమా, ఒక జమీందారా?

గ్రౌండు గేటు దగ్గర చరిత్ర ఎంత మొరటుగా ఉంటుందో దక్షిణాఫ్రికాలోని డర్బన్ కథ చెబుతుంది. 1860 నుంచి మద్రాసు, కలకత్తా రేవుల మీదుగా నాటాల్ చెరకు తోటలకి వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడున్నారు. ఆ భారతీయ కూలీల కుటుంబాల్లోంచే పాప్వా సెవ్‌గోలం అనే గోల్ఫ్ ఆటగాడు వచ్చాడు. తెల్లవాళ్ళ గోల్ఫ్ సంచులు మోసే కేడీగా మొదలై, అందరికీ తిరగేసిన పట్టుతో ఆడుతూ డచ్ ఓపెన్ గెలిచాడు. 1963లో సొంత గడ్డ మీద నాటాల్ ఓపెన్ గెలిస్తే, క్లబ్బు లోపలికి తెల్లవాళ్ళకే ప్రవేశం కాబట్టి వానలో బయట నిలబెట్టి ట్రోఫీ చేతికిచ్చారు. ఆ ఫోటో దేశాలు దాటింది. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ఆటలో ఎలా పనిచేసిందో దానికంటే బాగా చెప్పే పుస్తకం నాకు కనబడలేదు. అక్కడి భారతీయుల్లో చాలామంది తర్వాత 1973లో సాకోస్ అనే క్రీడా సంఘంలో నల్లజాతివాళ్ళతో, కలర్డ్ అని ముద్ర వేసిన ప్రజలతో కలిసి, సమాజం మామూలుగా లేనప్పుడు ఆట మామూలుగా ఉండదన్న నినాదంతో నిలబడ్డారు. గేటు బయట ఉంచడం వల్ల వేరువేరు సమూహాలు ఒక కొత్త "మనం"గా మారాయి.

మన జెర్సీ వేసుకున్నది ఎవరో చూడండి

ఇది చాలామంది వదిలేసే సంగతి. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ క్లబ్ 1920 ఆగస్టు 1న పుట్టింది. కారణం వింటే చాలా చిన్నది: జోడాబగాన్ క్లబ్బులో తూర్పు బెంగాల్ కుర్రాడు శైలేష్ బోస్‌ని ఒక మ్యాచ్‌కి పక్కన పెట్టారు, దాంతో సురేశ్ చంద్ర చౌధురి అనే పెద్దమనిషి బయటికొచ్చి కొత్త క్లబ్ పెట్టారు. 1947 తర్వాత ఇల్లూ వాకిలీ వదిలేసి ఇటు వచ్చిన లక్షల మంది తూర్పు బెంగాలీలకి ఆ క్లబ్ ఊరు లేని చోట ఊరైంది. మోహన్ బగాన్ క్లబ్ ఘోటీలది, అంటే పశ్చిమ బెంగాల్ స్థానికులది, ఈస్ట్ బెంగాల్ బాంగాల్‌లది, అంటే తూర్పు నుంచి వచ్చినవాళ్ళది. వీళ్ళు గెలిస్తే పులస, వాళ్ళు గెలిస్తే రొయ్యలు. ఆ ఇలిష్ చేప మన గోదావరి పులసే కాబట్టి మనకి ఈ గొడవ ఇట్టే అర్థమవుతుంది.

మరి ఆ శరణార్థుల తొలి రోజుల్లో, 1949 నుంచి నాలుగైదేళ్ళు, ఈస్ట్ బెంగాల్‌కి కప్పుల మీద కప్పులు తెచ్చిన ఐదుగురు ముందు వరస ఆటగాళ్ళు ఎవరు? అప్పారావు, ధన్‌రాజ్, సాలే, వెంకటేశ్, అహ్మద్ ఖాన్. ఐదుగురూ దక్షిణాదివాళ్ళు. బెంగాలీలు వాళ్ళని పంచపాండవులు అని పిలుచుకున్నారు. తమ గుర్తింపు మొత్తాన్ని తమ భాష రాని కుర్రాళ్ళ కాళ్ళ మీద పెట్టి, వాళ్ళ పేర్లు పిల్లలకి నేర్పారు. ఒక జాతి తన గౌరవాన్ని పరాయివాళ్ళ చేత మోయించుకోవడం, ఆ క్రమంలో వాళ్ళు పరాయివాళ్ళు కాకుండా పోవడం ఆటలో చాలా మామూలు. మీ సంఘం జట్టులో కూడా "మనవాడు కాని మనవాడు" ఒకడు ఉండే ఉంటాడు. గోల్‌కీపర్ కావచ్చు, కోచ్ కావచ్చు. ఆయన ఇంటికి తప్పకుండా వెళ్ళండి. లోపలివాళ్ళకి కనబడనివి ఆయనకి కనబడతాయి.

వలస పోయినప్పుడు ఇది తిరగబడుతుంది. రైల్వే కాలనీల్లో హాకీ ఆడిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు స్వాతంత్ర్యం తర్వాత చాలా వరకు బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి దేశాలకి వెళ్ళిపోయాయి. అలా ఆస్ట్రేలియా వెళ్ళిన పియర్స్ కుటుంబంలో ఐదుగురు అన్నదమ్ములు ఆస్ట్రేలియా జట్టుకే హాకీ ఆడారు. ఇక్కడ వాళ్ళ గ్రూప్ ఫోటోలు మాత్రమే మిగిలాయి. మా తాతయ్య పక్కన కుర్చీల్లో కూర్చున్నవాళ్ళలో కొందరు అలాంటివాళ్ళే అని ఆ పెద్దాయన చెప్పారు. ఫిజీలో ఇంకోలా జరిగింది. తోటల్లో పని చేయడానికి వెళ్ళిన తమిళ, తెలుగు, మలయాళ కుటుంబాలు కలిసి 1926లో సంగం అనే సంఘం పెట్టుకున్నాయి. ఇప్పటికీ ఏటా ఈస్టర్ సెలవుల్లో జరిగే దాని సమావేశాలకి ఫుట్‌బాల్ ఉండాల్సిందే. ఇంట్లో భాష తగ్గిపోయినా ఆ మూడు రోజుల ఆట తగ్గలేదు. విదేశాల్లో తెలుగు సంఘాలు నడిపేవాళ్ళు దీని మీద కాస్త ఆలోచించాలి, పిల్లలకి పద్యాల పోటీలు పెట్టినంత శ్రద్ధగా ఆటలూ పెడుతున్నారా అని.

పేర్లన్నీ రాసి పెట్టుకోండి

ఆటని ఏమని పిలిచేవాళ్ళో అడగండి. మన చెడుగుడు మహారాష్ట్రలో హుతుతు, బెంగాల్‌లో హాడూడూ. 1950లో అఖిల భారత సంఘం వచ్చి ఒకే నియమాల కింద కబడ్డీ అయ్యాక పాత పేర్లతో పాటు పాత కూతలు కూడా పోయాయి. కూతకి వెళ్ళేటప్పుడు ఏం పాడేవాళ్ళు? ఊరూరికీ మారే ఆ పదాల్లో కుల పేర్లు, ఎదుటి పేట మీద ఎత్తిపొడుపులు, దేవతల పేర్లు ఉంటాయి. ఇవి తెలిసినవాళ్ళు రోజురోజుకీ తగ్గిపోతున్నారు, అందుకే ఇది ముందు చేయమంటాను, మిగతాది ఆగినా పర్లేదు.

జట్ల పేర్లు ఎప్పుడు మారాయో కూడా చూడండి. తెలుగువాళ్ళు తరాలుగా ఉంటున్న మారిషస్‌లో ఫుట్‌బాల్ క్లబ్బులు పేరులోనే మతం పెట్టుకుని ఉండేవి, హిందూ క్యాడెట్స్, ముస్లిం స్కౌట్స్ అని. తర్వాత మతం పేరు తీసేయాల్సి వచ్చి ఒకటి క్యాడెట్స్ క్లబ్, ఇంకోటి స్కౌట్స్ క్లబ్ అయ్యాయి. బోర్డు మారింది, స్టాండ్లలో కూర్చునేవాళ్ళు మారలేదు. 1999 మే 23న స్కౌట్స్‌కీ ఫైర్ బ్రిగేడ్‌కీ మ్యాచ్ అయ్యాక పోర్ట్ లూయీలో అల్లర్లు జరిగి, లామికాల్ అనే జూదశాలకి నిప్పు పెడితే ఏడుగురు చనిపోయారు. ఆ తర్వాత క్లబ్బుల్ని ప్రాంతాల వారీగా మళ్ళీ కట్టారు. మీ జట్టుకి ఇంతకుముందు వేరే పేరు ఉందా, ఎందుకు మార్చారు, మార్చినప్పుడు ఎవరు అలిగారు, ఇవి సావనీర్లో ఉండవు, పాత చందా పుస్తకాల్లోనూ మినిట్స్ పుస్తకాల్లోనూ ఉంటాయి.

పెద్దవాళ్ళ దగ్గర కూర్చోవడం

ఇక అసలు పని. ఫోటో చేతికిచ్చి మొదలుపెట్టండి. "మీ ఆటల గురించి చెప్పండి" అంటే "ఏముంది బాబూ, ఆడేవాళ్ళం" అంటారు. ఫోటో ఇచ్చి ఎడమవైపు నుంచి ఒక్కొక్కరి పేరు చెప్పమనండి, ఇంటిపేరుతో, ఎవరబ్బాయో, ఏ వీధో. మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి కథ దానంతటదే వస్తుంది. ఫోన్లో రికార్డ్ చేయండి, కానీ ముందు అడిగి, ఒప్పుకుంటేనే. ఫోను బల్ల మీద పెట్టి మర్చిపోండి, మాటిమాటికీ చూస్తుంటే వాళ్ళకి టెన్షన్, మీకూ టెన్షన్.

కులం గురించి సూటిగా అడగడం కష్టం, అడిగినా సూటిగా చెప్పరు. "అప్పుడు అలాంటివేం లేవు, అందరం కలిసే ఆడేవాళ్ళం" అనే జవాబు నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. అది అబద్ధమని కాదు, చెప్పేవాళ్ళు కుర్చీల వరసలోవాళ్ళైతే వాళ్ళకి అలాగే కనబడి ఉంటుంది. అందుకే చిన్న చిన్న వస్తువుల గురించి అడగండి. బూట్లు ఎవరికి ఉండేవి, ఎవరు వట్టికాళ్ళతో ఆడేవాళ్ళు, జెర్సీలు ఎవరింట్లో ఉతికేవాళ్ళు, బయటూరి మ్యాచ్‌కి వెళ్తే రాత్రి ఎవరు ఎక్కడ పడుకునేవాళ్ళు. మా తాతయ్య సంగతి నాకు తెలిసింది కూడా ఇలాగే, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఎక్కడ తెరిచేవాడని అడిగితే, "చింతచెట్టు కింద, ఎప్పుడూ అక్కడే" అన్నారు ఆ పెద్దాయన. తర్వాత కాసేపు మాట్లాడలేదు. నేనూ ఏం అడగలేదు. అలాంటి మౌనం వస్తే తర్వాతి ప్రశ్నతో దాన్ని కప్పేయకండి.

ఆడవాళ్ళని అడగడం మర్చిపోవద్దు. పాత ఫోటోల్లో వాళ్ళు ఉండరు, కానీ ఇంట్లో ఎవరెవరు వచ్చి భోజనం చేసేవాళ్ళో, ఎవరికి వాకిట్లోనే వడ్డించేవాళ్ళో చెప్పగలిగేది వాళ్ళే. కొంతమంది తామే ఆడి ఉంటారు, బళ్ళో ఖోఖో, టెన్నికాయిట్, పెళ్ళయ్యాక ఆపేసి ఉంటారు. ఆ ఆగిపోయిన ఏడు కూడా రాసుకోండి.

ఒకే సంగతి ఇద్దరు రెండు రకాలుగా చెబితే కంగారు పడకండి, ఎవరు ఏం చెప్పారో విడివిడిగా ఉంచండి. జిల్లా గ్రంథాలయాల్లో పాత పేపర్ల బైండ్లు ఉంటే తేదీలు అక్కడ సరిచూసుకోండి. కప్పుల మీద చెక్కిన అక్షరాలు, షీల్డు మీద చిన్న చిన్న రేకులు, సర్టిఫికెట్లు, అన్నిటికీ ఫోటోలు తీయండి. పాత ఫోటో వెనక పేర్లు పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా కొన్నేళ్ళకి ముందువైపుకి ఊరుతుంది. బతికున్నవాళ్ళ గురించి ఇబ్బందికరమైనది ఏదైనా చెబితే పేరు తీసేసి రాయండి, లేకపోతే అసలు రాయకండి.

జనం చెప్పే కథని కథగానే రాయండి

1911 జూలై 29న మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ గెలిచింది. పదకొండు మందిలో బూట్లు ఒక్క సుధీర్ ఛటర్జీకే, మిగతా పదిమందీ వట్టికాళ్ళే. ఇది జరిగింది. ఆ సాయంత్రం ఎవరో ముసలాయన ఒక ఆటగాడి దగ్గరికి వచ్చి, కోట మీద ఎగురుతున్న బ్రిటిష్ జెండా చూపించి, "అది ఎప్పుడు దిగుతుంది?" అని అడిగాడని చెబుతారు. ఇది జనం చెప్పుకునే కథ. రెండూ రాయాలి, కానీ రెండిటినీ ఒకే గొంతుతో రాయకూడదు. మొదటిదానికి "జరిగింది", రెండోదానికి "అంటారు". ఆ కథ ఎందుకు పుట్టింది, ఎవరు ఎక్కువగా చెబుతారు అన్నది మళ్ళీ చరిత్రే. మీ ఊళ్ళో కూడా "మావాడు ఒంటిచేత్తో గెలిపించాడు" అనే కథ ఒకటి ఉంటుంది, దాన్ని చింపేయకండి, రుజువు లేకుండా నిజమనీ అచ్చు వేయకండి.

గొప్పలు రాయాలనిపిస్తుంది, రాయండి, మనవాళ్ళ గురించి మనమే రాయకపోతే ఎవరు రాస్తారు? 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌కి హాకీ కెప్టెన్‌గా వెళ్ళిన జైపాల్ సింగ్ ముండా తర్వాత ఆదివాసీ మహాసభకి నాయకుడై, రాజ్యాంగ సభలో ఆదివాసీగా నిలబడి మాట్లాడినప్పుడు, ఆ హాకీ కెప్టెన్ పేరు ఆ మాటకి బలమిచ్చింది. అలాంటి గర్వం కావాలి. కానీ ఆ గర్వం పక్కవాళ్ళని తక్కువ చేసే వాక్యంగా మారే చోట పెన్ను ఆపండి. 1940లో బొంబాయి టోర్నమెంటు గురించి సలహా అడగడానికి వెళ్ళినవాళ్ళతో గాంధీ మతాల వారీ జట్లే తనకి నచ్చవని తేల్చి చెప్పారు. అయినా అది ఇంకొన్నేళ్ళు సాగి 1946లో ఆగింది. జనం టికెట్లు కొని విరగబడి చూశారు, ప్రేమగానే చూశారు, అదీ నిజమే. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి రాయగలిగితే మీ రాత నిలుస్తుంది.

రాసింది అచ్చయ్యేముందు, ఎవరి గురించి రాశారో వాళ్ళకి చదివి వినిపించండి. తప్పులు వాళ్ళే దిద్దుతారు. నేను ఆ పెద్దాయనకి చదివి వినిపించినప్పుడు రెండు పేర్లు మార్పించారు, ఒక ఏడు సరిచేశారు. తర్వాత ఫోటో వెనక్కి తిప్పి, పెన్సిల్ అడిగి తీసుకుని, ఎడమ నుంచి పదకొండు పేర్లు రాసి, పన్నెండో పేరుగా మా తాతయ్య పేరు రాశారు. పక్కన ఆడే స్థానం, "రైట్ హాఫ్" అని కూడా రాశారు.